ఓటు ముందు ఒక బల్ల

(చదువు కేంద్రంలో అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)



పగలంతా పని చేసి వచ్చారు. వంట చేశారు. పిల్లలకు పెట్టారు. ఇప్పుడు పలకా పుస్తకం పట్టుకుని దీపం ముందు కూర్చున్నారు. ఇట్లాగే, పగలు పని చేసి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు ఇంకో దేశంలో కూడా ఉన్నారు. ఇవాళ వాళ్ల సంగతి వినండి.

ఆ దేశం అమెరికా. చాలా డబ్బున్న దేశం. పెద్ద దేశం. ఆ దేశంలో ఓటు కోసం ఆడవాళ్లు ఎన్ని తిప్పలు పడ్డారో వింటే ఆశ్చర్యపోతారు. ఇది కల్పించిన కథ కాదు. జరిగిన సంగతి.

కొట్టు వెనక బడి

అమెరికాలో సౌత్ కరోలినా అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ సముద్రం పక్కన జాన్స్ ఐలండ్ అనే దీవి ఉంది. ఆ దీవిలో నల్లవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్ల తాతముత్తాతలను ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చారు. ఓడల్లో కుక్కి తెచ్చారు. సంతలో పశువుల్ని అమ్మినట్టు అమ్మారు. తెల్లవాళ్ల పొలాల్లో బానిసలుగా చాకిరీ చేయించారు.

1865లో బానిసతనం పోయింది. కానీ పేదరికం పోలేదు. చదువు రాలేదు.

1957 జనవరి నెల. ఆ దీవిలో ఒక రాత్రి బడి మొదలైంది. ముందు గదిలో సరుకుల కొట్టు. వెనక గదిలో బడి. కొట్టు వెనక ఎందుకు పెట్టారు? తెల్లవాళ్ల కంట పడకూడదని. నల్లవాళ్లు చదువుకుంటున్నారని తెలిస్తే ఎక్కడ ఆపేస్తారో అని భయం.

మొదటి రాత్రి 14 మంది వచ్చారు. అందరూ పెద్దవాళ్లే. వారానికి రెండు రాత్రులు బడి.

పాఠం చెప్పేది బెర్నీస్ రాబిన్సన్. ఆమె బడిపంతులమ్మ కాదు. ఆడవాళ్లకు జుట్టు దువ్వి ముస్తాబు చేయడం, బట్టలు కుట్టడం ఆమె పని. ఆమెను ఈ పనికి ఒప్పించిన మనిషి సెప్టిమా క్లార్క్. సెప్టిమా చాలా ఏళ్లు బళ్లలో పాఠాలు చెప్పింది. నల్లవాళ్ల హక్కుల సంఘంలో సభ్యురాలని 1956లో ఆమె ఉద్యోగం తీసేశారు. ఉద్యోగం పోయినా ఆమె పాఠాలు మానలేదు.

బెర్నీస్ మొదటి రోజు చిన్నపిల్లల వాచకాలు తెచ్చింది. ఎదురుగా కూర్చున్న వాళ్లను చూసింది. వీళ్లు బతుకు చూసినవాళ్లు. బిడ్డల్ని పెంచినవాళ్లు. వీళ్లకు పిల్లల పాఠాలా? ఆ పుస్తకాలు పక్కన పెట్టేసింది. మీకు ఏం నేర్చుకోవాలని ఉంది అని వాళ్లనే అడిగింది.

ఒకరు సంతకం నేర్చుకోవాలన్నారు. ఒకరు ఊరు విడిచి పోయిన బిడ్డ రాసే ఉత్తరం చదవాలన్నారు. ఒకరు మనియార్డరు కాగితం నింపుకోవాలన్నారు. ఒకరు బైబిలు చదవాలన్నారు. అందరికీ కావలసింది ఇంకొకటి కూడా ఉంది. అది ఓటు.

బెర్నీస్ అట్ట ముక్కల మీద ఒక్కొక్కరి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. దాని మీదే మళ్లీ మళ్లీ దిద్దమంది. చేతికి అలవాటు కావాలి గదా. మీరు పలక మీద దిద్దినట్టే. ఆ బడిలో 65 ఏళ్ల ముసలమ్మ ఒకామె ఉంది. ఒకనాడు బల్ల మీద రాసిన పేర్లలో తన పేరు ఏదో తనే చూపించింది. పుట్టి 65 ఏళ్లకు తన పేరు తను చదువుకుంది!

చదువుకూ ఓటుకూ సంబంధం ఏమిటి? అక్కడ చదువు రాకపోతే ఓటర్ల జాబితాలో పేరు రాయరు. రాజ్యాంగంలో ఒక భాగం అధికారి ముందు చదివి వినిపించాలి. అప్పుడే పేరు ఎక్కుతుంది.

చట్టం ఒక దారి, బల్ల ఒక దారి

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి.

రంగును బట్టి ఎవరి ఓటూ తీసేయకూడదు అని అమెరికా రాజ్యాంగంలో 1870లోనే రాశారు. ఆడవాళ్లని ఓటు కాదనకూడదు అని 1920లో రాశారు. అంటే కాగితం మీద నల్ల ఆడమనిషికి ఓటు ఉంది.

మరి ఎందుకు వేయలేకపోయింది?

ఓటుకూ మనిషికీ మధ్య ఒక బల్ల ఉంది. బల్ల మీద ఒక పుస్తకం. అది ఓటర్ల జాబితా. బల్ల అవతల ఒక అధికారి. ఆయన్ను రిజిస్ట్రారు అంటారు. కలం ఆయన చేతిలో ఉంది. పేరు రాస్తే ఓటు ఉన్నట్టు. రాయకపోతే లేనట్టు. దక్షిణ రాష్ట్రాల్లో ఆ కలం తెల్లవాళ్ల చేతిలో ఉండేది.

ఆ బల్ల దగ్గర ఎన్ని అడ్డంకులు పెట్టారో చూడండి.

ఒకటి, చదువు పరీక్ష. తెల్లవాడు వస్తే తేలిక వాక్యం ఇచ్చేవాళ్లు. నల్లవాడు వస్తే లాయరుకు కూడా కొరుకుడు పడని వాక్యం ఇచ్చేవాళ్లు. చదివితే సరిపోదు, అర్థం కూడా చెప్పమనేవాళ్లు. అది తప్పో ఒప్పో చెప్పేది రిజిస్ట్రారే. పైన అడిగే దిక్కు లేదు. చదువుకున్న నల్ల పంతుళ్లు కూడా ఈ పరీక్షలో తప్పిపోయారు.

రెండు, ఓటు పన్ను. మిసిసిపీ రాష్ట్రంలో ఏడాదికి 2 డాలర్లు కట్టాలి. కట్టిన రసీదు చూపించాలి. పత్తి ఏరే కూలికి ఆ రోజుల్లో అది తక్కువ డబ్బు కాదు.

మూడు, ఆఫీసు వేళలు. అలబామా రాష్ట్రంలో సెల్మా అని ఒక ఊరు ఉంది. అక్కడ పేరు రాసే ఆఫీసు నెలకు రెండు రోజులే తెరిచేవాళ్లు. ఆ రెండు రోజులూ పనిరోజులే. కూలి మానుకుని వరసలో నిలబడితే, సాయంత్రానికి తలుపు మూసేసేవాళ్లు.

నాలుగు, పేరు బయటపెట్టడం. 1962లో మిసిసిపీలో ఒక చట్టం చేశారు. ఓటు కోసం అర్జీ పెట్టిన వాళ్ల పేర్లు రెండు వారాలు పేపర్లో వేయాలి. ఎందుకు? ఆసామి చదువుతాడు. అప్పిచ్చినవాడు చదువుతాడు. ఇల్లు అద్దెకిచ్చినవాడు చదువుతాడు. ఇక ఆ మనిషికి పని ఉంటుందా? ఇల్లు ఉంటుందా?

చూశారా! నల్లవాళ్లకు ఓటు లేదు అని ఏ చట్టంలోనూ రాయలేదు. బల్ల దగ్గర ఆ పని జరిగిపోయింది.

ఫ్యానీ లూ హేమర్

మిసిసిపీలో ఒక పత్తి కూలీ ఉండేది. పేరు ఫ్యానీ లూ హేమర్. 1917లో పుట్టింది. తల్లికి 20 మంది పిల్లలు. ఈమె అందరికంటే చిన్నది. ఆరేళ్లకే పత్తి చేలో దిగింది. 44 ఏళ్లు వచ్చేదాకా తనకు ఓటు హక్కు ఉందనే సంగతి ఆమెకు తెలియదు. చెప్పిన వాళ్లు లేరు. 1962లో ఊళ్లోని చర్చిలో జరిగిన సభలో మొదటిసారి విన్నది.

1962 ఆగస్టు 31. మరో 17 మందితో కలిసి ఒక పాత బస్సు ఎక్కింది. ఇండియనోలా అనే పట్నానికి వెళ్లింది. రిజిస్ట్రారు బల్ల ముందు నిలబడింది. రాజ్యాంగంలో ఒక భాగం ఇచ్చి అర్థం రాయమన్నారు. అది లాయర్ల భాష. ఆమె రాయలేకపోయింది. పేరు ఎక్కలేదు.

తిరిగి వస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. డ్రైవరుకు జరిమానా వేశారు. తప్పేమిటంటే, బస్సు మరీ పసుపు పచ్చగా ఉందట!

ఇంటికి వచ్చేసరికి కబురు ముందే చేరింది. ఆ ఆసామి దగ్గర ఆమె 18 ఏళ్లు పని చేసింది. ఆసామి వచ్చి, అర్జీ వెనక్కి తీసుకుంటావా, ఇల్లు ఖాళీ చేస్తావా అన్నాడు. ఆమె వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రే ఇల్లు విడిచింది. మొగుణ్ణీ పిల్లల్నీ అక్కడే వదిలి రావలసి వచ్చింది.

ఆమె అంతటితో ఆగిందా? ఆగలేదు. రాజ్యాంగం నేర్చుకుంది. డిసెంబరులో మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్లింది. 1963 జనవరిలో పరీక్ష పాసైంది. పేరు ఎక్కింది. హమ్మయ్య అనుకుంది. తీరా ఓటు వేయబోతే, ఓటు పన్ను రసీదులు ఏవీ అన్నారు. ఒక అడ్డం దాటితే ఇంకో అడ్డం.

1963 జూన్‌లో సెప్టిమా క్లార్క్ వాళ్లు నడిపే శిక్షణకు వెళ్లి వస్తుంటే పోలీసులు ఆమెను పట్టుకున్నారు. వినోనా అనే ఊరి జైల్లో పెట్టి కొట్టించారు. ఆ దెబ్బలు ఆమెను బతికినన్నాళ్లూ బాధించాయి.

1964 ఆగస్టులో ఒక పెద్ద పార్టీ మహాసభ జరిగింది. ఆమె అక్కడికి వెళ్లింది. బల్ల దగ్గర జరిగింది, జైల్లో జరిగింది, అంతా తన నోటితో చెప్పింది. దేశమంతా టీవీలో విన్నది. పత్తి కూలీ మాట విని దేశం సిగ్గుపడింది.

బల్ల మారితే ఏమైంది?

1965 మార్చి 7. సెల్మా ఊళ్లో సుమారు 600 మంది ఓటు కోసం ఊరేగింపుగా బయలుదేరారు. వంతెన మీద పోలీసులు వాళ్లను లాఠీలతో కొట్టారు. గుర్రాలతో తొక్కించారు. అమీలియా బాయింటన్ అనే ఆమె స్పృహ తప్పి పడిపోయింది. ఆ ఫోటోలు దేశమంతా చూసింది.

అదే ఏడాది ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. ఈ చట్టం ఏం చేసింది? సరిగ్గా ఆ బల్ల మీదే చెయ్యి వేసింది.

అన్యాయం ఎక్కువగా ఉన్న చోట్ల చదువు పరీక్ష ఆపేయించింది. తర్వాత దేశమంతా ఆ పరీక్ష పోయింది. కొన్ని చోట్లకు ఢిల్లీలాంటి వాళ్ల పెద్ద సర్కారు నుంచే మనుషుల్ని పంపింది. పేర్లు వాళ్లే రాశారు. ఇంకో మంచి షరతు పెట్టింది. ఇట్లాంటి చోట్ల ఎన్నికల పద్ధతి ఏది మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. పోలింగ్ బూత్ ఒక వీధి నుంచి ఇంకో వీధికి మార్చాలన్నా సరే, అడగాలి.

ఓటు పన్ను కూడా పోయింది. 1964లో కొన్ని ఎన్నికలకు, 1966లో అన్ని ఎన్నికలకు రద్దయింది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. మిసిసిపీలో ఈ చట్టానికి ముందు 100 మంది నల్లవాళ్లలో 7 మందికి మించి జాబితాలో పేరు లేదు. 1967 నాటికి 100కి సుమారు 60 మంది పేరు ఎక్కింది.

రెండేళ్లలో ఇంత తేడా ఎట్లా వచ్చింది? మనుషులు వాళ్లే. ఊళ్లు అవే. అంతకుముందు వాళ్లకు ఓటంటే ఇష్టం లేదనీ, తెలివి లేదనీ చెప్పేవాళ్లు. అది అబద్ధమని తేలిపోయింది. బల్ల దగ్గర పద్ధతి మారింది. మనుషులు వచ్చారు.

కొట్టు వెనక బడి ఏమైంది? 14 మందితో మొదలైన ఆ బడి చాలా రాష్ట్రాలకు పాకింది. 1970 నాటికి అట్లాంటి బళ్లు దాదాపు 900 నడిచాయి. వాటిలో పాఠం చెప్పిన వాళ్లలో చాలామంది ఆడవాళ్లే.

మన జాబితా సంగతి

ఇది వింటుంటే మీకు ఒక ప్రశ్న వస్తుంది. మన దేశంలో చదువు పరీక్ష ఉండేదా?

లేదు. మన మొదటి పెద్ద ఎన్నిక 1951, 1952లో జరిగింది. ఓటర్లు 17 కోట్లకు పైగా. అప్పుడు 100 మంది ఆడవాళ్లలో 9 మందికి మాత్రమే చదువు వచ్చు. అయినా అందరికీ ఓటు ఇచ్చారు. చదువు రానివాళ్ల కోసం గుర్తులు పెట్టారు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. చదువు రాకపోవడం మనిషి తప్పు కాదు, దానికి తగ్గ ఏర్పాటు సర్కారే చేయాలి అని మొదటి రోజే ఒప్పుకున్నారు.

కానీ ఇక్కడా జాబితా దగ్గర ఒక చిక్కు వచ్చింది. పేర్లు రాసేవాళ్లు ఇంటింటికీ వచ్చినప్పుడు చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వాడి తల్లిని అన్నారు. కొన్ని చోట్ల అట్లాగే రాసుకున్నారు. పేరు లేకుండా ఓటు లేదని ఆనాటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అన్నారు. అట్లా సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలో లేకుండా పోయాయి. తర్వాతి ఎన్నికకు చాలామంది తమ పేరు చెప్పుకుని ఎక్కించుకున్నారు.

ఆడదానికి పేరు ఎందుకు అన్న వాళ్లకు ఇదే జవాబు.

వరస కూడా ఒక పన్నే

మళ్లీ అమెరికాకు పోదాం. 1965తో కష్టాలు తీరిపోయాయా? చాలా తీరాయి. అన్నీ తీరలేదు.

ఆ దేశంలో ఎన్నికలు నడిపే పద్ధతి వేరు. మన దేశంలో ఎన్నికల సంఘం దేశమంతటికీ ఎన్నిక నడుపుతుంది. అక్కడ అట్లా కాదు. ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క చట్టం. రాష్ట్రంలో జిల్లాల్లాంటివి ఉంటాయి. ఏర్పాట్లు చాలావరకు వాటి చేతిలో ఉంటాయి. ఎన్ని బూత్‌లు పెట్టాలి, ఏ యంత్రం కొనాలి, ఎంతమందిని పనికి పెట్టాలి అన్నది ఎక్కడికక్కడే. డబ్బున్న చోట మంచి యంత్రం, లేని చోట పాత యంత్రం.

2000 సంవత్సరంలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. దేశాధ్యక్షుడి ఎన్నిక ఆ ఒక్క రాష్ట్రం మీద ఆగింది. తేడా 537 ఓట్లు. అక్కడే సుమారు 1 లక్షా 80 వేల ఓట్లు లెక్కకు రాకుండా పోయాయి. కాగితానికి సరిగా చిల్లు పడలేదని కొన్ని, రెండు చోట్ల గుర్తు పడిందని కొన్ని చెల్లలేదు. సర్కారు వేసిన పౌరహక్కుల సంఘం విచారణ చేసి 2001లో చెప్పింది. నల్లవాళ్ల ఓటు చెల్లకుండా పోయే అవకాశం మిగతా వాళ్ల ఓటు కంటే సుమారు 10 రెట్లు ఎక్కువ అని. వాళ్లకు ఓటు వేయడం రాకనా? ఎక్కువ భాగం పాత యంత్రాల వల్ల, తికమక పెట్టే బ్యాలెట్ల వల్ల. తప్పు పడితే అక్కడికక్కడే చూపించి, మళ్లీ వేయనిచ్చే యంత్రం ఉన్న చోట ఓట్లు చాలా తక్కువగా పాడయ్యాయి.

2012లో అదే ఫ్లోరిడాలో 102 ఏళ్ల అవ్వ ఒకామె ఓటు వేయడానికి వచ్చింది. పేరు డెజిలీన్ విక్టర్. హైతీ దేశంలో పుట్టిన నల్లమనిషి. ముందుగా ఓటు వేసే రోజులను ఆ రాష్ట్రం అంతకుముందు ఏడాది 14 నుంచి 8కి తగ్గించింది. రోజులు తగ్గితే వరస పెరుగుతుంది గదా. అవ్వ గంటలకొద్దీ నిలబడింది. మళ్లీ రమ్మన్నారు. సాయంత్రం మళ్లీ వచ్చి ఓటు వేసింది. మరుసటి ఏడాది దేశాధ్యక్షుడు ఒబామా ఆమెను పార్లమెంటు సభకు పిలిచారు. ఆమె పేరు చెబితే సభ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఒబామా ఒక కమిటీ వేశారు. ఓటు వేయడానికి ఎవరూ అరగంటకు మించి నిలబడకూడదని ఆ కమిటీ 2014లో చెప్పింది. 2016 ఎన్నికలో పరిశోధకులు సెల్‌ఫోన్ల కదలికను బట్టి లెక్క కట్టారు. తెల్లవాళ్ల పేటలో 10 నిమిషాలు పడితే, నల్లవాళ్ల పేటలో సుమారు 13 నిమిషాలు పట్టింది. అరగంట దాటి నిలబడిన వాళ్లు తెల్లవాళ్ల పేటలో 100 మంది అయితే, అంతే జనం ఉన్న నల్లవాళ్ల పేటలో 174 మంది.

అరగంట, గంట ఏం పెద్దది అంటారా? అమెరికాలో పెద్ద ఎన్నికలు మంగళవారం జరుగుతాయి. దేశమంతటికీ సెలవు లేదు. గంటకు ఇంత అని కూలి తీసుకునే మనిషి రెండు గంటలు నిలబడితే, రెండు గంటల కూలి పోయినట్టే. ఓటు పన్ను రద్దయింది. వరస రూపంలో మళ్లీ వచ్చింది.

నమ్మకం కూడా పోతుంది. వరసలో ఎక్కువ సేపు నిలబడిన వాళ్లలో కొందరు తర్వాతి ఎన్నికకు రావడం మానేస్తారని పరిశోధకులు చూపించారు. నా ఓటుకు విలువ లేదు కాబట్టే నన్ను ఇట్లా నిలబెట్టారు అని మనిషికి అనిపిస్తుంది. ఎవరూ ఆ మాట పైకి అనక్కర్లేదు. వరసే ఆ మాట చెబుతుంది.

అడిగే పద్ధతి పోయింది

బూత్ మార్చాలన్నా ముందు అనుమతి అడగాలని 1965 చట్టం చెప్పింది గదా. 2013 జూన్ 25న అమెరికా సుప్రీం కోర్టు ఆ పద్ధతిని ఆపేసింది. ఏ చోట్లు అడగాలో తేల్చే లెక్క పాతబడిందని, కాలం మారిందని అన్నది. తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు అవునన్నారు. నలుగురు కాదన్నారు.

అదే రోజు టెక్సాస్ రాష్ట్రం ఒక ఫోటో కార్డు చట్టాన్ని అమలు చేస్తామని చెప్పింది. తుపాకీ లైసెన్సు చూపిస్తే ఓటు వేయవచ్చు. కాలేజీ పిల్లల కార్డు చూపిస్తే కుదరదు. దానివల్ల నల్లవాళ్లకూ, స్పానిష్ మాట్లాడే వాళ్లకూ ఎక్కువ దెబ్బ తగులుతుందని తర్వాత ఒక కోర్టు తప్పుపట్టింది. 2017లో చట్టం కొంత సవరించారు.

బూత్‌లు కూడా తగ్గాయి. అంతకుముందు అనుమతి అడగవలసి వచ్చిన చోట్లలో 2012 నుంచి 2018 లోపు 1,688 బూత్‌లు మూసేశారని హక్కుల సంఘాలు 2019లో లెక్క తీశాయి. అన్నీ కుట్రతోనే మూశారని చెప్పలేం. కొన్ని చోట్ల ఖర్చు తగ్గించడానికి మూశారు. కొన్ని చోట్ల చిన్న బూత్‌లు తీసేసి పెద్దది ఒకటి పెట్టారు. కానీ కారు లేని మనిషికి కారణం ఏదైతేనేం? దూరం దూరమే.

బల్ల అవతల కూర్చున్న ఆడవాళ్లు

ఇప్పుడు చివరి సంగతి. ఇది మరీ ముఖ్యం.

జార్జియా రాష్ట్రంలో అట్లాంటా నగరం ఉంది. అక్కడ షే మాస్ అనే నల్ల యువతి 2012 నుంచి ఎన్నికల ఆఫీసులో పని చేసింది. ముసలివాళ్లకు పోస్టులో ఓటు పత్రాలు పంపడం, అడిగినవాళ్లకు దారి చెప్పడం ఆమె పని. 2020 ఎన్నికలో ఆమె తల్లి రూబీ ఫ్రీమన్ కూడా ఓట్ల లెక్కింపులో సాయం చేసింది. ఒకప్పుడు నల్లవాళ్లు వణుకుతూ నిలబడిన బల్ల. ఇప్పుడు దాని అవతల నల్ల తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. ఎంత దూరం వచ్చారో చూడండి!

ఆ ఎన్నికలో ఓడిన పక్షం వాళ్లు ఈ ఇద్దరూ దొంగ ఓట్లు లెక్కపెట్టారని ప్రచారం చేశారు. ఒక వీడియో చూపించారు. తల్లి కూతురికి ఏదో అందించింది, అది మోసం చేసే వస్తువు అన్నారు. అది అల్లం బిళ్ల. నోట్లో వేసుకునే అల్లం బిళ్ల!

చంపుతామని బెదిరింపులు వచ్చాయి. రంగు పేరు పెట్టి తిట్టారు. పోలీసులు చెబితే రూబీ రెండు నెలలు ఇల్లు వదిలి వేరే చోట తలదాచుకుంది. షే ఆ ఉద్యోగం వదిలేసింది. 2022లో పార్లమెంటు కమిటీకి ఇద్దరూ జరిగింది చెప్పారు.

ఆ రాష్ట్రంలో ఓట్లన్నీ చేత్తో మళ్లీ లెక్కపెట్టారు. ఫలితం మారలేదు. విచారణ జరిగింది. మోసం లేదని 2023లో తేలింది. అదే ఏడాది డిసెంబరులో, అబద్ధం ప్రచారం చేసిన ఒక పేరుమోసిన లాయరు ఈ ఇద్దరికీ 14 కోట్ల 80 లక్షల డాలర్లు ఇవ్వాలని కోర్టు జ్యూరీ చెప్పింది. 2025 జనవరిలో ఇద్దరికీ, ఆ లాయరుకూ రాజీ కుదిరింది.

డబ్బు సరే. పోయిన నెమ్మది వస్తుందా? ఎన్నిక మీద నమ్మకం నిలవాలంటే బల్ల ఇవతల ఓటరుకు న్యాయం జరగాలి. బల్ల అవతల నిజాయితీగా పని చేసే మనిషికి రక్షణ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా నమ్మకం నిలవదు.

మన ఊళ్ల నుంచి కూడా ఎందరో పిల్లలు అమెరికా వెళ్లి స్థిరపడ్డారు గదా. అట్లా వెళ్లడానికి దారి తెరిచిన చట్టం కూడా 1965లోనే వచ్చింది. ఓటు హక్కుల చట్టం వచ్చిన రెండు నెలలకు వచ్చింది. నల్లవాళ్ల పోరాటం దేశం కళ్లు తెరిపించిన రోజులవి. అక్కడ పౌరులైన తెలుగువాళ్లు ఇవాళ ఓటు వేస్తున్నారు. ఫ్యానీ లూ హేమర్ నిలబడిన బల్ల ముందు వాళ్లూ ధీమాగా నిలబడుతున్నారు.

మీ చేతిలో ఉన్న పని

అక్కలారా! ఇంతా విన్నాక మిగిలేది ఒక్క మాట. హక్కు చట్టంలో ఉంటుంది. అది చేతికి అందేది జాబితా దగ్గర, బల్ల దగ్గర, వరస దగ్గర. కాబట్టి అక్కడ కన్ను వేసి ఉంచాలి.

చదువు రాకపోయినా మీకు ఓటు ఉంది. ఎప్పుడూ ఉంది. మరి చదువు వచ్చాక కొత్తగా ఏం వచ్చింది? చూసుకునే శక్తి వచ్చింది. అడిగే ధైర్యం వచ్చింది.

జాబితా వచ్చినప్పుడు మీ పేరు మీరే చదవండి. కార్డు చేతిలో ఉంటే చాలదు, జాబితాలో పేరు ఉండాలి. పేరు లేకపోతే ఫారం 6 నింపండి. పేరు తప్పు పడితే, ఇల్లు మారితే ఫారం 8 నింపండి. పోలింగ్ ముగిసే వేళకు మీరు వరసలో ఉంటే మిమ్మల్ని పంపేయకూడదు, మీ ఓటు తీసుకోవాలి. మీ ఓటు ఎవరో వేసేశారని చెబితే ఏడుస్తూ ఇంటికి రాకండి. మీరు మీరేనని చూపించి, టెండర్ ఓటు కావాలని పోలింగ్ అధికారిని అడగండి.

మీ పేరు చూసుకున్నాక పక్కింటి ముసలమ్మ పేరు చూడండి. కొత్త కోడలి పేరు చూడండి. పనికోసం వలస వెళ్లి వచ్చిన ఇంటి వాళ్ల పేర్లు చూడండి. ఎవరి పేరు తేలిగ్గా జారిపోతుందో వాళ్ల పేరే ముందు వెతకాలి.

ఆ 65 ఏళ్ల ముసలమ్మ బల్ల మీద తన పేరు తనే చూపించింది. ఈసారి జాబితా వచ్చినప్పుడు మీ వేలు మీ పేరు మీద పడాలి.

మాట్లాడుకోండి

1. కొట్టు వెనక బడి ఎందుకు పెట్టారు?
2. నల్లవాళ్లకు ఓటు లేదని చట్టంలో రాయకుండానే ఓటు ఎట్లా ఆపారు?
3. గంటల తరబడి వరసలో నిలబెడితే ఎవరికి ఎక్కువ నష్టం?
4. మీ ఊరి జాబితాలో ఎవరి పేర్లు లేవు? ఎందుకు లేవు? ఈ వారం ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి చూసి రండి.